బి పన్నెండులో ఉండేదెవరు

జూలై 6

పిన్నీ,

నువ్వు చెప్పినట్టే ఈ ఉత్తరం నువ్వు చొక్కాలకు కాజాలు కుట్టే టైలరు షాపుకు రాస్తున్నాను. ఫోన్లో అయితే బాబాయి స్పీకరు పెట్టి మధ్యలో దూరతాడన్నావు, నిజమే. పోయినసారి నేను అలసటగా ఉందన్నానో లేదో, నీకు బదులు ఆయన గొంతు వినిపించింది. నాకు మెగ్నీషియం లేదట.

ఉద్యోగం బాగుంది. నా బల్ల కిటికీ పక్కన కాదు, బీరువా పక్కన. అక్కడైతే ఎవరూ పలకరించరు కాబట్టి నాకు అదే ఇష్టం. నర్సింగు విద్యార్థుల కోసం పోషకాహారం మీద పెద్ద పుస్తకం వేస్తున్నారు. దాని ప్రూఫులు దిద్దడం నా పని. విటమినుకొక అధ్యాయం, ఖనిజానికొక అధ్యాయం. ప్రతిదాని చివరా 'లోప లక్షణాలు' అని ఉంటుంది. నా చిక్కంతా అక్కడే.

ఎ విటమిను దిద్దిన వారం నాకు రేచీకటి వచ్చింది. సాయంత్రం మెట్లు కనిపించలేదు. క్యారెట్లు కొని పచ్చివే నమిలాను. తీరా చూస్తే మెట్ల దగ్గర బల్బు పోయిందట. సి విటమిను దగ్గరికి వచ్చేసరికి చిగుళ్ళలోంచి రక్తం. నారింజలు తిన్నాను. అది కొత్త బ్రష్షు చేసిన పని. ఇప్పుడు బి రెండు నడుస్తోంది. పెదవుల మూలలు పగిలాయేమోనని రోజూ అద్దం చూసుకుంటున్నాను. ఎడిటరుగారు నవ్వగా ఎవరూ చూడలేదు. ఆవిడ నన్ను కాసేపు గమనించి, అయోడిను అధ్యాయం వేరేవాళ్ళకిస్తానన్నారు. నేను మెడ తడుముకుంటూ కూర్చుంటే పని సాగదట.

నీ సంగతులు రాయి. కాజాలు బాగా వస్తున్నాయా? కళ్ళు జాగ్రత్త.

నీ కళ్ళజోడు


జూలై 19

ఏమే కళ్ళజోడూ,

టైలరు నీ ఉత్తరం కత్తెర కింద దాచి ఇచ్చాడు. చదివి నవ్వుతూ కుడుతుంటే కాజా దాటి జేబు దాకా వెళ్ళిపోయాను.

మీ బాబాయి సంగతి నువ్వు అడగలేదు. అయినా చెప్తాను. కరెంటు మీటర్లు చూసి చూసి రిటైరైన మనిషికి చూడడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఇప్పుడు మనుషుల్ని చూస్తున్నాడు. మెట్ల మీద ఎవరు కనపడినా ఆపి, కంటి కింది రెప్ప లాగి, గోళ్ళు వెలుతురుకు పెట్టించి, నాలుక చాపమని రీడింగు తీస్తాడు. రెప్ప పాలిపోతే ఇనుము లేదు. గోరు మీద తెల్ల మచ్చ ఉంటే జింకు లేదు. పిక్క పట్టేస్తే కాల్షియం లేదు. అన్నీ ఉన్నవాడు ఇంతవరకు దొరకలేదు. అందరికీ మందు ఒకటే, ఆయన చేరిన కంపెనీవాళ్ళ ఆకుపచ్చ పొడి డబ్బా. ఈయన పదిమందికి అంటగడితే, వాళ్ళు తలా పదిమందికి అంటగట్టాలి. మెట్టు మెట్టుకీ చొక్కాకు ఒక బిళ్ళ ఇస్తారు. మొదట ఇనుము, తరవాత రాగి, వెండి, బంగారం, ఆపైన వజ్రం. మీ బాబాయి పోయిన నెల రాగి అయ్యాడు. ఒంట్లో రాగి ఎంతుందో తెలీదుగాని చొక్కా మీద ఉంది.

నా సంగతి ఇంకా తమాషా. ఇన్నేళ్ళ కాపురంలో నాలో లోపాలు వెతకడానికి ఆయనకి తీరిక దొరకలేదు. డబ్బాలు ఇంటికి వచ్చాక ఒక్క పూటలో పట్టినవాటికి చేతివేళ్ళు చాలలేదు. నాకు రక్తం తక్కువని అంతకుముందు ఆసుపత్రిలో అన్నమాట నిజమే. ఆ పొడి తాగాక మళ్ళీ పరీక్ష చేయిస్తే రక్తం బాగుందన్నారు. ఇక చూడు, మీటింగుల్లో నన్ను నిలబెట్టి "ఏ లోపమూ లేని మనిషి" అని చూపిస్తున్నాడు. పెళ్ళైన కొత్తలో కూడా ఇంత మాట అనలేదు.

మా పై అంతస్తులో, బి పన్నెండులో ఉండే డ్రాయింగు టీచరుతో మాటలు పోయాయి. మీ బాబాయి ఆవిడ నాలుక చూడబోతే, ముందు మీ డబ్బా చూపించండి అని మూత తీసి, వేలికి అద్దుకుని, ఇది రంగు కలిపిన పిండి అంది. రంగుల సంగతి ఆవిడకు తెలీదూ? అప్పటినుంచి ఆవిడ మెట్లెక్కే చప్పుడైతే మేము తలుపేసుకుంటాం.

టైలరు కొత్త ఇస్త్రీపెట్టె కొన్నాడు, ఆవిరి వచ్చేది. దానికి కొత్తల్లుడికి చేసినట్టు మర్యాదలు చేస్తున్నాడు.

కళ్ళు బాగానే ఉన్నాయి. కాళ్ళే, ఏమిటో, మేజోళ్ళు వేసుకోకపోయినా వేసుకున్నట్టు ఉంటున్నాయి. వయసు మరి.

పిన్ని


ఆగస్టు 8

పిన్నీ,

డి విటమిను దిద్దుతున్నాను. ఎండ తగలాలని రాసి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ డాబా ఎక్కి నిలబడుతున్నాను. ఒకరోజు ఎడిటరుగారు పైకి వచ్చి ఇక్కడేం చేస్తున్నావన్నారు. డి విటమిను అన్నాను. ఆవిడ దిగిపోయారు. మర్నాడు వచ్చి డాబా అవతలి మూల నిలబడ్డారు. అప్పటినుంచి ఇద్దరం రోజూ ఎండలో నిలబడుతున్నాం, చెరో మూల. మాట్లాడుకోం. హాయిగా ఉంది.

గోళ్ళ మీద తెల్ల మచ్చలు చాలావరకు వేలికి ఏదో తగిలి వచ్చేవేనని మా పుస్తకంలో ఉంది. బాబాయికి చెప్పు. లేదా చెప్పకు.

నీ కాళ్ళ సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎప్పటినుంచి అలా ఉంది? రెండు కాళ్ళూనా? పాలు ఇప్పటికీ ముట్టుకోవా?

కళ్ళజోడు


సెప్టెంబరు 2

కళ్ళజోడూ,

నా తిండి సంగతి అడిగావు. నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకున్నప్పుడు ఏం తిన్నానో ఇప్పుడూ అదే. పాలవాసన నాకు చిన్నప్పటినుంచీ పడదు. పెరుగు కూడా అంతే. టీ నల్లదే తాగుతాను. గుడ్లూ మాంసం మన ఇంట ఎప్పుడూ లేవు. ఒక్కడి కోసం పాలెందుకని మీ బాబాయి కూడా ఎప్పుడో మానేశాడు. పొద్దున్నే గ్యాసు మాత్ర, తరవాత డబ్బా పొడి. రోజూ ఆకుకూర తప్పదు. ఇంతకంటే శుద్ధంగా ఎవరుంటారు చెప్పు.

కాళ్ళు రెండూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు వేళ్ళ చివర్లకి కూడా వచ్చింది. దాని తమాషా చెప్తాను విను. మొన్న ఒక చొక్కాకు కాజాలన్నీ కుట్టి టైలరుకిచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, దారమేదమ్మా అన్నాడు. సూదికి దారం ఎక్కించలేదు. ఉత్త సూదితో చొక్కా అంతా కుట్టాను. దారం వేళ్ళకి తగలాలి కదా తెలియడానికి. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత ఆయన నవ్వలేదు.

నాలుక మండుతోంది. నీ నారింజలు నేను తినాలేమో.

నవంబరు చివర్లో కంపెనీ పెద్ద మీటింగు. వజ్రంగారు వస్తున్నారు. ఆ రోజు నేను వేదికెక్కి నాలుగు మాటలు చెప్తే మీ బాబాయికి వెండి వస్తుందట. మాటలు ఆయనే రాసిచ్చాడు. రోజూ అప్పజెప్పిస్తున్నాడు. రాత్రి వచ్చినవి పొద్దున్నకి ఉండడం లేదు.

అన్నట్టు చెప్పడం మరిచాను. టైలరు కొత్త ఇస్త్రీపెట్టె కొన్నాడు. ఆవిరి వస్తుంది.

పిన్ని


సెప్టెంబరు 11
(కార్డు)

పిన్నీ, తపాలా కట్టేసే వేళైంది, అందుకే కార్డు. నీ కాళ్ళు, వేళ్ళు, నాలుక, మతిమరుపు, అన్నిటికీ కారణం బి పన్నెండే అనుకుంటున్నాను. బాబాయి డబ్బాలో అది లేదు. ఏళ్ళ తరబడి నీకు అది అందక ఇలా అయింది. వెంటనే ఆ సంగతి చూడు. బాబాయి వద్దన్నా వినకు. ఆలస్యం చెయ్యకు. క.


అక్టోబరు 1

నా బంగారూ,

కార్డు కాబట్టి టైలరు చదివే ఇచ్చాడు. ఆయనకేమీ అర్థం కాలేదట. నాకు మాత్రం సిగ్గేసింది. అంత దూరాన ఉండి నా మనసులో ముల్లు ఎక్కడుందో కనిపెట్టావు. నిజమే, ఆవిడతో మాటలు పోయినప్పటినుంచే నాకు ఏదీ సరిగా లేదు.

మీ బాబాయి మీటింగుకి వెళ్ళినప్పుడు పైకి వెళ్ళాను. గోడ పట్టుకుని ఎక్కవలసి వచ్చింది. తలుపు కొట్టాను. డ్రాయింగు టీచరు చేతినిండా రంగుతో వచ్చి నిలబడింది. ఏం చెప్పాలో తోచక ఉన్నమాట చెప్పేశాను. "మా అక్క కూతురు రాసింది. నా కాళ్ళు తిమ్మిరెక్కడానికి బి పన్నెండే కారణమట."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నేనేం చేశానండీ మీ కాళ్ళని?" అంది.

ఏమీ చెయ్యలేదు, అదే కారణమట అన్నాను. తరవాత లోపలికి పిలిచి నల్ల టీ ఇచ్చింది. ఎంత మంచి మనిషనుకున్నావు. రోజూ సాయంత్రం మీ బాబాయి డబ్బాలు పట్టుకుని బయల్దేరగానే నేను పైకి వెళ్తున్నాను. నువ్వన్నట్టు ఇది ఆయన డబ్బాలో ఎక్కడ దొరుకుతుంది.

మనసు తేలికపడింది. కాళ్ళు తేలికపడలేదు, అది వేరే సంగతి.

పిన్ని


అక్టోబరు 12

పిన్నీ,

తప్పు నాది. విటమిను అన్న మాట రాయలేదు. పొద్దస్తమానం బి ఒకటి, బి రెండు, బి పన్నెండు అని దిద్దుతూ ఉంటే అవి ఇంటి నంబర్లు కూడా అవుతాయని తట్టలేదు. డ్రాయింగు టీచరుతో స్నేహం మానకు. కానీ నేను చెప్పింది ఆవిడ గురించి కాదు.

బి పన్నెండు ఒక విటమిను. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. ఆకుకూరల్లో లేదు. నువ్వు వీటిలో దేన్నీ ముట్టుకోవు. పైగా గ్యాసు మాత్ర ఏళ్ళతరబడి వేసుకుంటే తిన్నది కూడా సరిగా ఒంటబట్టదట. అది లేకపోతే రక్తం తగ్గుతుంది, నరాలు దెబ్బతింటాయి, కాళ్ళూ చేతులూ మొద్దుబారతాయి, మరుపు వస్తుంది. ఇస్త్రీపెట్టె సంగతి నువ్వు నాకు రెండుసార్లు రాశావు పిన్నీ.

రక్తం బాగుందన్నారు కదా అంటావు. అసలు భయం అక్కడే. ఆకుల్లో ఫోలిక్ ఆసిడ్ అని ఒకటి ఉంటుంది. బాబాయి పొడిలో అది దండిగా ఉన్నట్టుంది. అది ఎక్కువగా పడితే బి పన్నెండు లేకపోయినా రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. ఈ పేరా నేను మూడుసార్లు చదివాను, అచ్చుతప్పుల కోసం కాదు.

నీలో లోపం ఉంది పిన్నీ. డాక్టరు దగ్గరికి వెళ్ళి బి పన్నెండు పరీక్ష అని విడిగా అడుగు.

కళ్ళజోడు


నవంబరు 4

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. నాలో లోపం ఉందని రాశావు. మీ అమ్మ కూడా నన్ను ఎప్పుడూ అదే అనేది. అక్క కాబట్టి ఊరుకున్నాను. నీ నోట కూడా వినవలసి వచ్చింది.

మీ బాబాయికి చూపించక తప్పలేదు. ఆయన డబ్బా తిప్పి చూశాడు. దాని మీద 'బి విటమిన్లు' అని పెద్దక్షరాలతో ఉంది. బి అంటే అందులో అన్ని నంబర్లూ వచ్చినట్టేనన్నాడు. పైగా ఎప్పుడో నేను నవ్వుతూ చెప్పిన నీ సంగతులు ఎత్తాడు. క్యారెట్లు తిన్నది నువ్వే కదా, బల్బు పోతే. నారింజలు తిన్నది నువ్వే కదా, బ్రష్షు కుచ్చుకుంటే. "అధ్యాయానికొక జబ్బు తెచ్చుకునే పిల్ల, తనవి అయిపోయి ఇప్పుడు మనకు పంచుతోంది" అన్నాడు. ఆయన మాటకి నాకు నవ్వొచ్చింది. ఏం చెయ్యను, నవ్వించినవి నీ ఉత్తరాలే.

ఆయన సంగతి కూడా ఆలోచించు. రిటైరయ్యాక మనిషి రెండేళ్ళు మూల కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు బూట్లు తుడుచుకుని బయల్దేరుతున్నాడు, నలుగురూ నమస్కారం పెడుతున్నారు. మీటింగు ముందు నేను డాక్టరు గుమ్మం తొక్కితే ఏమవుతుంది? ఏ లోపమూ లేని మనిషికి డాక్టరెందుకంటారు. మీటింగు అయ్యాక చూద్దాం.

టైలరు నాకు కాజాలివ్వడం మానేశాడు. గుండీలు కుట్టమంటున్నాడు, అవీ పెద్దవి. కోపం లేదు ఆయనకి. అదే బాధగా ఉంది.

పిన్ని


నవంబరు 13

పిన్నీ,

నాకు వచ్చిన జబ్బులన్నీ నవ్వుకోదగ్గవి. వాటి గురించి నవ్వొచ్చేలా రాశాను, అందుకే ఇప్పుడు నా మాట ఎవరూ నమ్మడం లేదు.

లోపం అన్నది నీ గుణానికి కాదు. మా పుస్తకంలో అది తప్ప వేరే మాట వాడరు. ఎడిటరుగారిని అడిగాను, దీనికి ఇంకో మాట లేదా అని. కాసేపు ఆలోచించి 'కొరత' అన్నారు. కొరత అనే అనుకో. ఇంట్లో ఉప్పు నిండుకోవడం లాంటిది. అందుకు ఎవరూ సిగ్గుపడరు.

వెండి బిళ్ళ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తుంది. నరాల సంగతి అలా కాదు. ఆలస్యమైన కొద్దీ తిరిగి వచ్చేది తక్కువ. నువ్వు కోపగించుకున్నా సరే, ఈ మాట రాయక తప్పదు.

నువ్వు కుట్టిన కాజాలున్న చొక్కా వేసుకుని రాస్తున్నాను.

కళ్ళజోడు


డిసెంబరు 3

కళ్ళజోడూ,

మీటింగు అయింది. ఎవరో చెప్పగా వినేకంటే నేనే రాస్తాను.

హాలు నిండిపోయింది. వేదిక మీద పెద్ద డబ్బా బొమ్మ, దాని పక్కన వజ్రంగారు. నల్లకోటులో చెమటలు కక్కుతున్నాడు. డ్రాయింగు టీచరు కూడా వచ్చింది. నేను పడతానేమోనని వచ్చింది పాపం, మీ బాబాయి డబ్బా కొనడానికి వచ్చిందనుకుని ముందు వరసలో కూచోబెట్టాడు. ఆయన మైకు పట్టుకుని, "ఏ లోపమూ లేని మనిషిని ఇప్పుడు మీ ముందుకు పిలుస్తున్నాను" అన్నాడు. నేను లేచాను. మెట్లు చూసుకుంటూ ఎక్కాను. చూడకపోతే అడుగు ఎక్కడ పడుతోందో తెలీదు కదా. మైకు దాకా వచ్చి నిలబడ్డాను. జనం ముసిముసిగా నవ్వుతున్నారు.

వజ్రంగారు వంగి మెల్లగా "అమ్మా, మీ చెప్పు" అన్నాడు.

"ఏ చెప్పు?" అన్నాను. అది మైకులో పడింది.

కుడికాలి చెప్పు కింది మెట్టు మీదే ఉండిపోయింది. నేను ఒంటి చెప్పుతో వేదికంతా నడిచి వచ్చాను. మీ బాబాయి రాసిచ్చిన నాలుగు మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది అన్నాను. "నాకు ఏ లోపమూ లేదని మా ఆయన అంటారు. ఒక్క కాళ్ళే లేవు." హాలంతా చప్పట్లు. చక్కగా హాస్యం ఆడుతున్నాననుకున్నారు. వజ్రంగారు ఆ చప్పట్లలోనే మీ బాబాయికి వెండి బిళ్ళ గుచ్చేశాడు.

మీ బాబాయి దిగి వెళ్ళి నా చెప్పు తెచ్చాడు. అందరిముందూ కింద కూచుని నా కాలికి తొడిగాడు. నేను జనాన్ని చూసి నవ్వుతూ నిలబడ్డాను. తల దించి చూసేసరికి ఆయన నా బొటనవేలు గట్టిగా గిల్లుతున్నాడు. ఎంతసేపటినుంచి గిల్లుతున్నాడో నాకు తెలీదు. ఆయన తలెత్తి నా మొహం చూశాడు. ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరి రెప్పలూ లాగి చూసిన మనిషి, నన్ను చూడడం అదే మొదలు.

హాల్లోంచి సరాసరి ఆసుపత్రికే వెళ్ళాం, ఆయనా, నేనూ, డ్రాయింగు టీచరూ. డాక్టరు దగ్గర ఆయనే ముందు నోరు విప్పాడు. "బి పన్నెండు పరీక్ష చెయ్యండి, విడిగా" అన్నాడు. నీ ఉత్తరంలో మాటే, అక్షరం పోలేదు.

ఉండాల్సినదాంట్లో నాలుగోవంతు కూడా లేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎంత వెనక్కొస్తుందని అడిగితే, కొంత వస్తుంది, అంతా వస్తుందని చెప్పలేను అన్నాడు డాక్టరు.

నీ మీద కోపగించుకున్నాను. రాసిన కాగితం వెనక్కి తీసుకోలేను.

పిన్ని


డిసెంబరు 12

పిన్నీ,

ఉత్తరం బల్ల దగ్గరే చదివాను. ఎడిటరుగారు వచ్చి ఏమైందన్నారు. మా పిన్నికి బి పన్నెండు ఇస్తున్నారు అన్నాను. ఆవిడ తల ఊపి, ఆ అధ్యాయం ఇంకొక్కసారి చూసి అచ్చుకు పంపమన్నారు. చూశాను. తప్పులేమీ లేవు.

బాబాయి కూడా పాలు ముట్టడని రాశావు. ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమను.

కళ్ళజోడు


జనవరి 22

కళ్ళజోడూ,

నీ మాట చెప్పాను. వెండి బిళ్ళవాణ్ణి, నాకెందుకన్నాడు. డ్రాయింగు టీచరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆయనకీ నాలాగే బి పన్నెండు లేదు. ఇన్నేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ కలిసింది ఇదొక్కటే. ఇంజెక్షనంటే ఆయనకి ఇంత భయమని నాకు తెలీదు. సూది చూసి నా కొంగు పట్టుకున్నాడు.

డబ్బాలో బి పన్నెండు ఎందుకు లేదని కంపెనీకి రాశాడు. వాళ్ళు జవాబిచ్చారు. దానికి వేరే డబ్బా ఉందట, బంగారం బిళ్ళవాళ్ళకే అమ్ముతారట. ఆ జవాబు చదివి ఆయన రోజంతా మూల కుర్చీలో కూచున్నాడు. సాయంత్రం లేచి, డబ్బాలు అంటగట్టిన ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్ళి, ఇది చాలదు, డాక్టరుకి చూపించుకోండి అని చెప్పి వస్తున్నాడు. కొందరు తిట్టారు. ఒకాయన ఇంకో డబ్బా కావాలన్నాడట.

మతిమరుపు కొంచెం నయం. నీకు ఏమేం రాశానో గుర్తుంటోంది. చేతులు అంత తొందరగా రావడం లేదు. టైలరు పెద్ద గుండీలే ఇస్తున్నాడు. ఎడమ చెయ్యి చిటికెనవేలు ఇక అంతేనేమోనని డాక్టరు అన్నాడు. పోనీలే, దాంతో నేను ఎప్పుడూ ఏమీ కుట్టలేదు.

చలి బాగా ఉంది ఇక్కడ. పొద్దున్న స్నానాల గదిలోకి వెళ్తే గచ్చు ఐసుముక్కలా ఉంది. అరికాళ్ళు జివ్వుమన్నాయి, రెండూ. అక్కడే నిలబడిపోయాను. మీ బాబాయి బయటినుంచి అరుస్తున్నాడు, జలుబు చేస్తుంది, చెప్పులు వేసుకో అని. ఉండవయ్యా, ఇంకాసేపు అన్నాను.

పిన్ని